నావిగేటర్ సీటు

షెడ్డులో పాత కారు చెక్క దిమ్మల మీద నిలబడి ఉంది. చక్రాలు లేవు. ఇంజిను విప్పి మూలనున్న బల్ల మీద పెట్టారు. మెకానిక్ స్టీరింగు ముందు కూర్చుని, యాభై ఏళ్ల కిందట ఆ కారును ర్యాలీ పోటీల్లో నడిపిన పెద్దాయనకు ఫోన్ చేశాడు. బాగా పొద్దుపోయినా ఆయన హుషారుగా ఒక్కో ర్యాలీ గురించీ చెబుతుంటే రాసుకుంటున్నాడు.

"పక్క సీట్లో మా బామ్మర్ది ఉండేవాడు బాబూ. దారి చెప్పేది వాడే. దూరం చూపే మీటరు సున్నాకి తిప్పి డాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టేవాడు. తట్టాడంటే ఇక బయల్దేరాల్సిందే."

"చివరి ర్యాలీ సంగతి కారు కాగితాల్లో ఎక్కడా లేదేంటండీ?"

మెకానిక్ ఊరికే మీటరు వంక చూశాడు. సాయంత్రం అందులో నాలుగు వందల పన్నెండు ఉంటే తనే రాసుకున్నాడు. ఇప్పుడు అన్నీ సున్నాలే.

పక్కనున్న ఖాళీ సీటు కిర్రుమంది. డాష్‌బోర్డు మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు పడ్డాయి.

"తట్టింది నువ్వేనా బాబూ?" పెద్దాయన అడిగాడు.

"కాదండీ." మెకానిక్ చెయ్యి తలుపు పిడి కోసం తడుముకుంది.

"దిగకు బాబూ, నీకు దణ్ణం పెడతా. ఆ చివరి ర్యాలీలో, ప్రాణం పోకముందే వాణ్ణి లోపలే వదిలేసి నేను దిగిపోయాను."