కిలో కన్నా తక్కువ

మొయినాబాద్‌లోని కంప్యూటర్ షాపులో స్వప్నిక కొత్త లాప్‌టాప్‌ను పదేపదే ఎత్తి చూసింది. కిలో కూడా లేదు. పెద్ద ఫైళ్లు సైతం చిటికెలో తెరుచుకుంటున్నాయి.

"కంపెనీ ఇచ్చింది మంచిగనే ఉన్నది కద. టూర్లకు గింత తేలికది ఎందుకు?" అన్నాడు భర్త కల్యాణ్.

షాపాయన చార్జర్ తేవడానికి లోపలికి వెళ్లాక ఆమె గొంతు తగ్గించింది.

"నాకు నెల తప్పింది. పొద్దున దవాఖానకు పోయొచ్చిన. బరువులు ఎత్తొద్దన్నరు."

కల్యాణ్ నవ్వబోయి ఆగాడు. "అయితే టూర్లు బంద్ చెయ్యి. ఇంట్లనే ఉండు."

"పోయినసారి బంద్ చేసిన కద. మంచం దిగకుండ ఉన్న. అయినా కడుపు నిలువలే," అందామె.

కల్యాణ్ షాపాయన తెచ్చిన చార్జర్‌ను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు.

"దీనికన్న తేలికది లేదా అన్న?" అని అడిగాడు.