రెండో బిళ్ళ

"గంజాయా? ఈ వయసులో నాకు గంజాయా?"

బైండింగమ్మ మందుల చీటీని మందుల షాపు బల్ల మీద పెట్టి, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసింది. నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టిన మనిషి. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికే వేళ్ళు వంగడం లేదు.

"పొగ పీల్చే పని లేదమ్మా," అన్నాడు షాపాయన. "కొందరికి నాలుక కింద చుక్కలు, కొందరికి కీళ్ళకు రాసుకునే మందు. మీకు మింగే బిళ్ళ రాశారు. ఇది నత్తనడక మందు, గంటన్నర పడుతుంది. పనిచేయలేదని ఇంకోటి మాత్రం వేసుకోకండి."

ఆ షాపులో ఒక పద్ధతి ఉంది. మొదటి నెలలో వారం వారం మోతాదు పెంచుతారు. పెంచిన రోజు అక్కడే బిళ్ళ వేసుకుని, వెనక గదిలో రెండు గంటలు కూర్చుని వెళ్ళాలి.

సరేనంది. వేళ్ళు కదిలితే మళ్ళీ పని దొరుకుతుంది. పని ఉంటే గుమ్మంలోకి నలుగురు వస్తారు. తలుపు తాళంతో తప్ప ఎవరితోనూ మాట్లాడక ఎన్నాళ్ళయిందో!

వెనక గదిలో ఎదురు కుర్చీలో ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఏం పని చేసేవారండీ?"

"బైండింగు."

"అబ్బో! మీరు కుట్టిన వాటిల్లో అన్నిటికంటే లావు పుస్తకం ఏది?"

మనిషి కాదు, వసపిట్ట. జిగురు గడ్డ కట్టకుండా ఏం చేస్తారు, అట్ట వంకర పోతే ఎలా అని ఒకటే ప్రశ్నలు. మందు మత్తు తలకెక్కి వాగుతున్నాడని ఆవిడ తేల్చేసుకుంది. తీరా చూస్తే రెండు గంటలూ ఇట్టే గడిచిపోయేవి. అది మాత్రం ఆవిడ లెక్కలోకి రాలేదు.

మూడో వారం షాపాయన్ని పట్టుకుంది.

"చెవిలో జోరీగలా ఆయనేంటండీ? నొప్పితో వచ్చేది నేను, కబుర్లు ఆయనకా? ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"అమ్మా, ఆయన..."

"నాకేం చెప్పకండి."

పెద్దాయన గుమ్మంలోనే ఉన్నాడు. అంతా విన్నాడు.

"పోనీలెండి. మా ఆవిడా అదే అనేది, నీ నోటికి మూత లేదని," అని నవ్వి వెళ్ళిపోయాడు.

నాలుగో వారం గదిలో ఆవిడ ఒక్కతే. హమ్మయ్య అనుకుని బిళ్ళ మింగి, కళ్ళు మూసుకుంది.

పది నిమిషాలకే కళ్ళు తెరిచింది. గది నిశ్శబ్దంగా ఉంది, అచ్చం ఇంట్లోలాగే. చేసేదేమీ లేక వేళ్ళనే చూసుకుంది. చూసిన కొద్దీ నొప్పి ఎక్కువైంది.

అరగంట. ఏమీ లేదు.

ముప్పావుగంట. అయినా ఏమీ లేదు.

'ఈ నెలంతా దండగేనా? ఇక ఈ చేతులు ఇంతేనా?' ఏడుపొచ్చింది. వారానికిచ్చిన పొట్లం ఒళ్ళోనే ఉంది. ఇంకోటి తీసి మింగేసింది.

గంట దాటాక మొదటిది పనిచేసింది. దాని వెనకే రెండోదీ అందుకుంది. గోడలు కదిలాయి. గుండె దడదడలాడింది. చచ్చిపోతున్నాననుకుంది. పిలుద్దామంటే నాలుక పిడచకట్టుకుపోయింది.

షాపాయన వచ్చేసరికి ఆవిడ నేల మీద కూర్చుని కుర్చీ కాలు పట్టుకుని వణుకుతోంది. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు సాయంత్రం దాకా పక్కనే ఉన్నాడు.

తేరుకున్నాక ఆవిడ మెల్లగా అంది. "ఆ పెద్దాయనుంటే నాకు ఇంకోటి వేసుకునే ఆలోచనే రాకపోవును. రేపు రమ్మనండి, నేనే క్షమాపణ అడుగుతాను."

"ఎక్కడి రేపమ్మా? ఇక తనతో పనేముందని నిన్ననే ఊరు వదిలి వెళ్ళిపోయారు. అడ్రసు కూడా ఇవ్వలేదు."

"అయ్యో, మరి ఆయన మందు?"

"ఆయనకు మందేంటి? ఆరేళ్ళలో ఒక్క బిళ్ళ ముట్టలేదు."

"మరి నేనొచ్చినప్పుడల్లా ఎందుకొచ్చేవారు?"

షాపాయన ఖాళీ కుర్చీ వంక చూశాడు.

"మా దగ్గర ఈ బిళ్ళ మొట్టమొదట తీసుకున్నది ఆయన భార్యేనమ్మా, ఆ రోజు ఇంట్లో ఒక్కతే ఉండి, పనిచేయలేదనుకుని రెండోది కూడా వేసుకుని, మెట్ల మీద నుంచి పడి ప్రాణం పోగొట్టుకుంది."