బురద జట్టుకు కొత్త పేరు

ఒకానొక మడుగు గట్టున చెడుగుడు ఆడే కప్పల జట్టు ఉండేదండీ. అందరూ దాన్ని "బురద జట్టు" అనేవారు. అక్కడి ఆచారం ఏమిటంటే, కూతకెళ్ళినవాడు తన జట్టు పేరునే ఆపకుండా పలకాలి. ఊపిరి తెగిందా, ఔటే!

ఎండ్రకాయలతో ఆఖరి పోటీనాడు చింతాలు అనే ఉడత తోక ఎగరేసుకుంటూ వచ్చింది.

"బురదేమిటి మామా, అభిమానులం తలెత్తుకోలేకపోతున్నాం! ఇవాళ్టి నుంచి మీది ప్రచండ సింహగర్జన జట్టు!"

కొమ్మల మీది ఉడతలన్నీ ఈలలు వేశాయి. కూతకెళ్ళే నీలప్ప కప్ప మాత్రం ఆ పేరును లోలోపల ఒకసారి పలికి చూసుకున్నాడు. అంత పేరు తన పిడికెడు గొంతులో పడుతుందా? అయినా ఇంత ప్రేమగా అడిగితే ఎలా కాదంటాడు, పాపం?

మొదటి కూతలో "ప్రచండ సింహ" దగ్గరే ఊపిరి తెగింది. రెండోసారీ అంతే. తోటి కప్పలు కిందామీదా పడి ఆటను సమం చేశాయి. ఇక మిగిలింది ఒక్క కూత.

నీలప్ప గీత దగ్గర నిలబడి బిక్కమొహంతో పైకి చూశాడు. చింతాలు తోక కొరుక్కుంటోంది.

"నీకు నోరు తిరిగిందే అను మామా, గెలిస్తే చాలు!" అని అరిచింది.

హమ్మయ్య! నీలప్ప గొంతు విచ్చుకుంది. "బురద బురద బురద..." అంటూ దూకి ఎండ్రకాయను తాకాడు. అది కాలు పట్టేసినా కూత ఆపలేదు, సాగి సాగి గీత మీద వేలు ఆనించాడు.

గట్టంతా "బురదోయ్ బురద!" అని ఊగిపోయింది. చింతాలు గబగబా దిగొచ్చి, ఒంటినిండా బురదతో ఉన్న నీలప్ప ముందు తోక చాపింది.

"నాక్కూడా కాస్త పూయి మామా."