ఎదురు పీట

తెల్లారేసరికి చెన్నూరు వైద్యుడికి మణుగు నేలవేము పొడి కావాలి. ఆ ఆకు పోస్తే తర్వాతి పిండి చేదైతదని గిర్నీ ఆయన ఒప్పుకోలే. కూలిమనిషిని పిలిచే స్తోమత లేదు. బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టి, బాలవ్వ ఒక్కతే దీపం ముందర ఇసుర్రాయి పట్టింది. ఇద్దరు కూర్చుని విసిరే రాయి అది. అలవాటు కొద్దీ ఎదురుగా రెండో పీట కూడా వేసింది.

సగం గంప అయ్యేసరికి రాయి తేలికైంది. పిడికెడు ఆకు పోద్దామని బాలవ్వ చెయ్యి తీసింది. రాయి ఆగలే. గరగర తిరుగుతనే ఉంది. ఎదురు పీట మీద ఎవరూ లేరు.

బాలవ్వ ఆ పీట దిక్కు చూసింది. "ఎవలవో గని, కూలి ఇద్దామంటే ఇంట్ల ఏం లేదవ్వా," అన్నది.

రాయి ఆగింది. పీట జరిగిన చప్పుడైంది.

వెనక తొట్టెల మెల్లగా ఊగసాగింది.