నడిమి ముక్క

ఎండకు ఆరేసిన బొంతను ఎవరో తడుముతున్నారు.

వెర్లీన్ వంటింటి కిటికీలోంచి చూసి, కలుపుతున్న మొక్కజొన్న పిండి అలాగే వదిలేసి బయటికొచ్చింది.

పొద్దుటినుంచి కంచె దగ్గర తచ్చాడుతున్న ముసలాయనే. మెడదాకా గుండీలు పెట్టిన కోటు.

"ఏయ్ పెద్దాయనా! దానిమీంచి చెయ్యి తియ్యి."

"ఇది ఎవరిది తల్లీ?"

"నీకెందుకు? ఆదివారం నా పెళ్ళి. నాకు నాన్న లేడని పెళ్ళికొడుకే తెచ్చిచ్చాడు. వాళ్ళమ్మ తన పెళ్ళికి కుట్టుకుందట."

"వాళ్ళమ్మా?" ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చలేదు.

ఆ కెంటకీ కొండల్లో పెళ్ళిబొంతను పరాయివాడు ముట్టుకోడు. దాన్ని పెళ్ళికూతురు తానే కుట్టుకుంటుంది. నడిమి ముక్క మాత్రం కన్నతండ్రి తొడుక్కునే చొక్కా అంచునుంచి కత్తిరించుకుంటుంది.

ఈయన వేళ్ళు సరిగ్గా ఆ నడిమి ముక్క మీదే, నీలం మీద పసుపు గళ్ళ మీదే ఆగాయి.

"పెళ్ళికొడుకు ఏమస్ క్రీలేనా? మొదటి పెళ్ళాం ఏమైందని చెప్పాడు?"

"ఎవడితోనో లేచిపోయిందని ఊరంతా ఎరుగుదురు. వాకబు చేయడానికి నువ్వెవడివి?"

"ఎవడినో చూపిస్తాను."

ముసలాయన చెయ్యి కోటు గుండీల మీదికి పోయింది.

లోపల కత్తో తుపాకో ఉందనుకుంది వెర్లీన్. పరుగెత్తి, పనివాళ్ళను పిలిచే భోజనాల గంట తాడు పట్టుకుని లాగింది.

కొట్టం కప్పు బాగుచేస్తున్న ఏమస్ తుపాకీతో వచ్చాడు. చర్చిలో సంఘపెద్ద, కోడిని కూడా ప్రార్థన చేసిగాని కోయనివాడు.

ఏమస్ ఆ ముసలాయన మొహంలోకి చూశాడు. ఒక్క మాట అడగలేదు. పేల్చాడు.

"కత్తి తీయబోయాడు," అన్నాడు, టోపీ తీసి గుండెలకు ఆనించుకుంటూ. "ప్రభువే నిన్ను కాపాడాడు వెర్లీన్."

"ఎవరండీ ఈయన?"

"దారినపోయే దొంగ. నేనెప్పుడూ చూడలేదు."

దొంగ శవాన్నైనా కడిగే పూడ్చాలి. అది ఆడవాళ్ళ పని. పొరుగింటి జెల్ఫీ పిన్ని నీళ్ళు కాచి తెచ్చింది.

"ఏదే ఆ కత్తి?"

వెర్లీన్ జేబులన్నీ వెతికింది. లేదు.

సగం విప్పి ఉన్న కోటు గుండీలు మిగతావి తానే విప్పింది.

"పాపం, ఉన్నది ఈ ఒక్క చొక్కాయేనేమో. ఎంత వెలిసిపోయిందో చూడు," అంది పిన్ని.

వెర్లీన్ తడిగుడ్డ పక్కన పెట్టి చొక్కా మీదికి వంగింది.

"వెర్లీన్!" బయటినుంచి ఏమస్ కేకేశాడు. "మబ్బు పట్టింది. బొంత లోపల పెట్టు."

నీలం మీద పసుపు గళ్ళ చొక్కా. దాని కింది అంచున, ఎప్పుడో ఒక పెళ్ళికూతురు కత్తెర వేసిన చోట, అరచెయ్యంత ముక్క లేదు.