తొట్టిలో దీపం

"ఆరో బల్ల మీద కొవ్వొత్తి ఏది?"

యజమాని అరుపుకి గ్లాసులు తుడుస్తున్న పనిమనిషి ఉలిక్కిపడింది.

"బ్యాటరీ అయిపోయిందండి. కొత్తది వేసి పెడతాను."

"రోజూ ఇదే పాట! అసలు ఎన్ని గంటలు వస్తుందే అది?"

"కొత్తది వేస్తే ఎనిమిది గంటలు వస్తుందండి."

వైన్ రుచి చూసే ఆ గదిలో అసలు కొవ్వొత్తి వెలిగించనివ్వడాయన. మైనం కాలిన వాసన వైన్ వాసనను మింగేస్తుందట. అందుకే ఏరికోరి ఈ బ్యాటరీ కొవ్వొత్తులు తెప్పించాడు. అచ్చం మంటలాగే రెపరెపలాడతాయి. కొత్తగా వచ్చినవాళ్లు వాటిని ఊది ఆర్పబోయి నవ్వులపాలవడం ఆయనకు మహా సరదా.

ఇవాళ మాత్రం సరదాగా లేడు. ఈ దేశపు వైన్ల మీద పుస్తకం రాస్తున్న రచయిత్రి వస్తోంది. కొండవాలు తోటలు, నదిగట్టు తోటలు అన్నీ చుట్టేసి, ముప్పైతొమ్మిది చోట్ల రుచి చూసి ఉమ్మేసి, నలభయ్యోదిగా ఇక్కడికి వస్తోంది. పక్క తోటవాడికి రెండు పేజీలు కేటాయించిందని విన్నప్పటినుంచీ ఈయనకు ముద్ద దిగడం లేదు. తనకు నాలుగు పేజీలు రావాలి, ఫోటోతో సహా. లేకపోతే నలుగురిలో తలెత్తుకు తిరగలేడు.

వచ్చింది. గ్లాసు తిప్పింది, వాసన చూసింది, ఒక గుక్క పుక్కిలించి బకెట్లో ఉమ్మింది.

"బాగుందండీ. కానీ ఇలాంటి ఎర్ర వైన్ ఈ దేశంలో పదిచోట్ల రుచి చూశాను. మీ దగ్గర మాత్రమే ఉండేది ఏదైనా చూపించండి."

ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నాడు. "రండి మేడమ్" అంటూ నేలమాళిగలోకి దారి తీశాడు. పనిమనిషి వెనకే నడిచింది.

అక్కడ నేలలోకి కట్టిన సిమెంటు తొట్టి ఉంది. రెండు నిలువుల లోతు. నిన్ననే వైన్ తోడేశారు. అడుగున ద్రాక్షపిప్పి మిగిలింది.

"ఎవరో ఒకరు దిగి ఆ పిప్పి ఎత్తిపోయాలి. చిక్కంతా అక్కడే మేడమ్. ద్రాక్ష పులిసేటప్పుడు పుట్టే గ్యాసు అడుగున పేరుకుపోతుంది. కంటికి కనబడదు. రెండుసార్లు పీల్చామా, అంతే సంగతులు."

"దానికి మీటర్లు ఉంటాయిగా? మిగతాచోట్ల చూశాను."

"మీటరు పాడవుతుంది. దీపం అబద్ధమాడదు. మా తాత, మా నాన్న, ఇప్పుడు నేను. ముందు దీపం దించుతాం. ఆరిపోతే దిగం, వెలుగుతుంటే దిగుతాం. ఇవాళ మీ ముందే నేను దిగి చూపిస్తాను."

"ఎప్పుడూ ప్రమాదం జరగలేదా?"

యజమాని పనిమనిషి వైపు గడ్డం ఎగరేశాడు. "ఇదిగో, దీని మొగుడే. పోయిన కోతలప్పుడు పొద్దున్నే పూటుగా తాగి, దీపం దించకుండా దిగాడు. ఒకరు చెబితే వినే రకమైతేగా! అయినా పోన్లే పాపమని దీనికి పనిచ్చాను. ఏమ్మా, అంతేనా?"

"అంతేనండి."

అంతే కాదని ఆయనకూ తెలుసు. ఆ పొద్దున వాడు చుక్క ముట్టలేదు. అగ్గిపెట్టె వెతుక్కుంటుంటే, "లారీ వచ్చి నిలబడింది, దీపం లేదు గీపం లేదు, దిగరా!" అని గద్దించింది ఈ యజమానే. అప్పటికి ఈమె అన్నం క్యారియర్‌తో గుమ్మం దగ్గరే ఉంది. విచారణకు వచ్చినవాళ్లకు ఆయన తాగుడు కథ చెబుతుంటే పల్లెత్తు మాట అనలేదు. నోరులేని మనిషి, ఏం చేయగలదని ఆయన ధీమా.

"లాంతరు తే."

మసిపట్టిన రేకు లాంతరు తెచ్చింది. గాలి తగలకుండా గోడవైపు తిరిగి, అగ్గిపుల్ల గీసి, లాంతరు తలుపు మూసింది. గంధకం వాసన గుప్పుమంది. మసి అద్దం వెనక వెలుగు రెపరెపలాడింది. గొలుసు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

ముగ్గురూ తొంగిచూశారు.

"నూరు లెక్కపెట్టాలి మేడమ్. ఆరితే మాత్రం దిగను. నాకూ ప్రాణం మీద తీపే" అని నవ్వి, పైకే లెక్కపెట్టాడు. "తొంభైతొమ్మిది... నూరు! చూశారా, నిక్షేపంలా వెలుగుతోంది."

"జాగ్రత్త అయ్యగారూ" అంది పనిమనిషి.

"నాకు చెబుతున్నావా? ఆ ముక్క నీ మొగుడికి చెప్పుకోవాల్సింది."

ఆమె నిచ్చెన కదలకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

ఆయన దిగాడు. పిప్పిలో చీలమండల దాకా కూరుకుపోయాడు.

"లాంతరు పక్కన కూర్చోండి! మొహం మీద వెలుగు పడాలి" అని పైనుంచి రచయిత్రి కెమెరా సర్దుకుంది.

కూర్చున్నాడు. ఫోటోలో ఛాతీ నిండుగా కనబడాలని గట్టిగా ఊపిరి పీల్చాడు. ముక్కు చురుక్కుమంది. పిప్పి ఘాటు అనుకున్నాడు. తల తిరుగుతోంది. వయసు అనుకున్నాడు. లాంతరు వైపు చూశాడు. వెలుగుతోంది. తాత నేర్పిన లెక్క తప్పదు, నాలుగు పేజీలూ ఖాయం. ఆ సంతోషంలో ఇంకోసారి నిండా పీల్చాడు.

"అదేంటి, పక్కకు వాలిపోయారు?" అంది రచయిత్రి.

"ఫోటో కోసమేమోనండి. ఆయనకు అలాంటి సరదాలెక్కువ" అంది పనిమనిషి. "దీపం వెలుగుతూనే ఉందిగా."

రచయిత్రి నవ్వి, మరో రెండు ఫోటోలు తీసుకుంది.

కొత్త బ్యాటరీ ఎనిమిది గంటలు వస్తుంది.