అన్న బిగించిన పిస్తోలు

ఒడీల్ పిస్తోలు తెచ్చి అన్న ముందు పెట్టింది. బెల్జియంలో జర్మన్లు ఆక్రమించుకున్న లియేజ్ ఆయుధ కర్మాగారంలో అన్న లాంబేర్ ఫిట్టరు. ఆ పిస్తోలు మీద అతని ముద్ర ఉంది.

"మా రహస్య దళం వాళ్లు జర్మన్ల లారీ కొట్టి తెచ్చినవాటిలో ఇదొకటి. వంతెన దగ్గర రెండోసారి పేలలేదు. మా ఆయన అక్కడే పోయాడు," అంది. "నీ చేతి పని కదా అని పరీక్షించి కూడా చూసుకోలేదన్నయ్యా. బాగుచేసిపెట్టు. రేపు నేను తీసుకెళ్తా."

లాంబేర్ పిస్తోలు విప్పాడు. కొలిచే మైక్రోమీటరు పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. సన్నటి ఆకురాయి తీసుకుని, పైభాగం జారే గాడిలో కుడివైపు కొసన తిన్నగా ఆనించి రుద్దసాగాడు. కళ్లు మసకబారినా చెయ్యి తప్పలేదు.

"కొలవకుండానే తప్పెక్కడుందో నీకెలా తెలిసింది?"

చెయ్యి ఆగిపోయింది.

"జర్మన్లకి పోయేవన్నీ అక్కడ వెంట్రుకవాసి బిగుతుగా వదిలేవాణ్ణి. తనిఖీలో దొరకదు. కాస్త దుమ్ము పడితే చాలు, పట్టేస్తుంది. వాళ్ల చేతుల్లోనే పట్టేస్తుందనుకున్నానే చెల్లీ."

ఒడీల్ మైక్రోమీటరు తీసి అన్న ముందుకు జరిపింది.

"ఇలాంటివి మా దగ్గర ఇంకో పెట్టెడున్నాయి," అంది. "అన్నీ తెస్తాను. ఈసారి కొలిచి ఇవ్వు."